ఎదురింటి చైనా అమ్మమ్మ ఇచ్చిన అరిటాకు కేకు: శాకాహారమేనా? ఎలా తినాలి? డబ్బాలో తిరిగి ఏమి పెట్టాలి?

జురాంగ్ జానకి
మేము ఉండేది సింగపూర్‌లో. చైనా కొత్త సంవత్సరం రాబోతోందనగా ఎదురింటి అమ్మమ్మ ఒక డబ్బా చేతిలో పెట్టి, నవ్వి వెళ్లిపోయింది. ఆమెకు హొక్కియెన్ అనే చైనా భాష తప్ప రాదు, నాకు అది రాదు. తెరిచి చూస్తే గుండ్రంగా, ముదురు బెల్లం రంగులో, చుట్టూ అరిటాకుతో, పైన చిన్న ఎర్ర కాగితంతో ఒక దిమ్మ. కత్తి దించడమే కష్టం, దిగాక పైకి లాగడం ఇంకా కష్టం. మా అత్తగారు దాన్ని దూరం నుంచే చూసి "గుడ్డు ఉందా? పంది కొవ్వు ఉందా?" అని అడిగారు.

అంతర్జాలంలో వెతికితే "చైనా బియ్యప్పిండి కేకు" అనే ఒకే పేరు కింద గులాబీ రంగులో పగిలినది ఒకటి, తాబేలు ఆకారంలో ఎర్రది ఒకటి, ముల్లంగితో చేసినది ఒకటి చూపిస్తున్నారు. అన్నీ ఆవిరి మీద చేసినవే, అన్నీ పండుగవేనట. ఇది వాటిలో ఏది? ఏది ఎప్పుడు తింటారు? తెలిసినవాళ్లు విడమరచి చెప్పండి. డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వడం నాకు ఇష్టం లేదు, దానికీ ఉపాయం కావాలి.

తిండిపోతు తిమ్మన్న
ముందు ఫొటో పెట్టండి. ఆ తరువాత మీ చిరునామా పెట్టండి.

పెనాంగ్ పద్మనాభం
ఫొటో అక్కర్లేదు. అరిటాకు, ఎర్ర కాగితం అన్నారంటే అది నియన్ గావ్. ఇక్కడి హొక్కియెన్ వాళ్లు తీ కుఎ అంటారు, మలయ్ భాషలో కుయే బాకుల్. జిగురు బియ్యపు పిండి, చక్కెర, నీళ్లు. ఇంకేమీ లేదు. పిండి ఎంతో చక్కెర కూడా దాదాపు అంతే పడుతుంది. పాత పద్ధతిలో చేసే ఇళ్లలో ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆవిరి మీద ఉంచుతారు. తెల్ల చక్కెర వేసినా చివరికి బెల్లం రంగు తిరిగేది అందుకే. అత్తగారిని నిశ్చింతగా తినమనండి.

ఎప్పుడంటే, వాళ్ల పంచాంగంలో ఏడాది ఆఖరి నెల 23న గానీ 24న గానీ వంటింటి దేవుడు స్వర్గానికి వెళతాడు. ఏడాది పొడుగునా ఆ ఇంట్లో ఎవరు ఏమి చేశారో స్వర్గాన్ని ఏలే జేడ్ చక్రవర్తికి విన్నవించడం ఆయన పని. బయలుదేరే ముందు జిగురు తీపి నైవేద్యం పెడతారు. నోరు తీపి చేసి మంచి మాటలు చెప్పిస్తుందని కొందరు, అసలు నోరే తెరవనివ్వదని కొందరు అంటారు. పండుగ మొదలయ్యాక ఆ దిమ్మలనే పూజాపీఠం మీద ఒకదానిపై ఒకటి పేర్చి ఉంచుతారు. చాలా ఇళ్లలో పదిహేనో రోజు దాటాకే కోస్తారు.

తిండిపోతు తిమ్మన్న
మా ఆఫీసుకు వచ్చే వారం ఆడిట్ వాళ్లు వస్తున్నారు. ఎన్ని కిలోలు పడుతుందో చెప్పగలరా పద్మనాభం గారూ?

జురాంగ్ జానకి
అత్తగారు శాంతించారు. కానీ రెండో ప్రశ్న వచ్చింది: "పన్నెండు గంటలు ఉడికితే మెత్తగా ఉండాలి కదా, ఇది రాయిలా ఎందుకుంది?"

వంటింటి శాస్త్రి
దించిన రోజు మెత్తగానే ఉంటుంది, చేతికి సాగుతూ వస్తుంది. జిగురు బియ్యంలో ఉండే పిండిపదార్థం దాదాపు అంతా అమైలోపెక్టిన్ అనే రకం, అమైలోజ్ లేనట్టే. అందుకే అంత జిగురు. రోజులు గడిచేకొద్దీ, ముఖ్యంగా ఫ్రిజ్‌లో పెడితే, ఆ పిండిపదార్థం మళ్లీ బిగుసుకుంటుంది. మళ్లీ ఆవిరి చూపిస్తే సడలుతుంది. ముక్కలు కోయాలంటే బిగుసుకున్నాకే సుఖం. కత్తికి నూనె రాసుకోండి.

జిగురు బియ్యం అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ ఉందని కొందరు భయపడతారు. బియ్యంలో అది లేదు.

బాగన్ దాతో బుల్లెమ్మ
తినే విధానం ఎవరూ చెప్పరేమి? జానకీ, నేను చెబుతాను, రాసుకో.

ఒకటి: ముక్కలు ఆవిరి పట్టి, ఉప్పు కలిపిన కొబ్బరి కోరులో దొర్లించడం. అసలు రుచి ఇందులోనే ఉంది. తీపి, ఉప్పు రెండూ తగలాలి, కొబ్బరి ఆ రోజు కోరినదే కావాలి. రెండు: పెద్ద చేమదుంప చక్రం ఒకటి, చిలగడదుంప చక్రం ఒకటి, మధ్యలో ఈ ముక్క పెట్టి, జారు పిండిలో ముంచి బజ్జీలాగా వేయించడం. పైన కరకర, లోపల కరిగిపోయిన పాకం. మలేషియాలో సాయంత్రం వేళ బండ్ల మీద కూడా అమ్ముతారు. మూడోది గుడ్డు సొనలో ముంచి పెనం మీద కాల్చడం, అది మీ ఇంట్లో కుదరదు.

వేడివేడిగా నోట్లో వేసుకోవద్దు, అంగిలి కాలుతుంది. కట్టుడు పళ్లు ఉన్నవాళ్లకు అసలే వద్దు.

పెనాంగ్ పద్మనాభం
బుల్లెమ్మ గారు చెప్పిన కొబ్బరి పద్ధతికే నా ఓటు. బజ్జీ చేస్తే ఏది తిన్నా బజ్జీయే.

ఒక జాగ్రత్త. ఈ ఊళ్ల ఉక్కపోతకు రెండు మూడు వారాలకు పైన బూజు చుక్కలు కనిపిస్తాయి. పాతకాలం వాళ్లు నూనె గుడ్డతో తుడిచేసి తినేవాళ్లు.

వంటింటి శాస్త్రి
పెద్దవారు, కాదనడానికి మొహమాటంగానే ఉంది, కానీ ఆ సలహా పాటించవద్దు. చక్కెర ఎక్కువ కాబట్టి త్వరగా పాడవదు, నిజమే. బూజు కనబడ్డాక మాత్రం పైపైన తుడిస్తే పోయేది కాదు, దాని వేళ్లు లోపలికి దిగి ఉంటాయి. పండుగ అయ్యాక ముక్కలు కోసి గడ్డకట్టించి దాచుకుంటే నెలల తరబడి ఉంటుంది.

పెనాంగ్ పద్మనాభం
ఆ నూనె గుడ్డ వాడిన ముసలమ్మలు తొంభై ఏళ్లు బతికారు నాయనా.

వంటింటి శాస్త్రి
బతకనివాళ్లు వచ్చి మనకు చెప్పరు కదండీ.

గ్వాంగ్జౌ గోపి
నేను ఉండేది దక్షిణ చైనాలోని గ్వాంగ్జౌలో. ఇక్కడ నియన్ గావ్‌కు పలకల చక్కెర వాడతారు, రంగు అందులోంచే వస్తుంది, అన్ని గంటలు ఎవరూ ఆవిరి పట్టరు. "చైనా కేకు" అని ఒకే మాట అనడం వల్లే జానకి గారికి ఇంత గందరగోళం. షాంఘై, నింగ్బో వైపు నియన్ గావ్ తెల్లగా, ఉప్పూ తీపీ లేకుండా ఉంటుంది. చక్రాలుగా కోసి కూరగాయలతో, మాంసంతో వేపుతారు. సుజౌలో పంది కొవ్వు వేసినది ఉంది. కాబట్టి "నియన్ గావ్ అంటే శాకాహారం" అని అన్ని ఊళ్లకూ వర్తింపజేయవద్దు. బీజింగ్ వైపు పసుపు పచ్చని జిగురు వరిగలతో, రేగుజాతి ఎర్ర ఖర్జూరాలు వేసి చేస్తారు.

ముల్లంగిదాని పేరు "లో బాక్ గో". ఇక్కడి కాంటనీస్ వాళ్లకు కొత్త సంవత్సరం అంటే ముందు అదే. తురిమిన ముల్లంగి, మామూలు బియ్యప్పిండి కలిపి ఆవిరి పట్టి, చల్లారాక ముక్కలు కోసి పెనం మీద ఎర్రగా కాలుస్తారు. వాసనకు నోరూరుతుంది. అత్తగారిని మాత్రం అటు పోనివ్వకండి, లోపల ఎండురొయ్యలు, పంది మాంసపు సాసేజీ ముక్కలు ఉంటాయి.

జురాంగ్ జానకి
అయ్యో, మా ఆఫీసు క్యాంటీనులో "క్యారట్ కేక్" అని రాసి ఉండేది అదేనా? క్యారట్ ముక్క ఒక్కటీ కనబడదు.

గ్వాంగ్జౌ గోపి
అదే. ముల్లంగిని తెల్ల క్యారట్ అంటారు, అందుకే ఆ పేరు. దానిలో గుడ్డు కూడా వేస్తారు. మీకు శాకాహారం కావాలంటే బౌద్ధుల శాకాహార దుకాణాలకు వెళ్లండి. వాళ్లు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు, ఆ విషయంలో అత్తగారి కన్నా కఠినం.

మూలాల వేట
ఇంతమంది ఇంత రాశారు, అసలు విషయం ఎవరూ చెప్పలేదు. ఇవన్నీ మన కుడుములే. బియ్యప్పిండి, బెల్లం, ఆవిరి. వినాయక చవితికి మనం చేసేది ఏమిటి? మన దగ్గర నుంచి బౌద్ధ భిక్షువులతో వెళ్లినవే ఇవన్నీ.

గ్వాంగ్జౌ గోపి
ఆధారం?

మూలాల వేట
ఆలోచిస్తే తెలుస్తుంది.

వంటింటి శాస్త్రి
షియాన్ దగ్గర బాన్‌పో తవ్వకాల్లో అడుగున చిల్లులున్న మట్టి ఆవిరి పాత్రలు దొరికాయి. ఆరు వేల ఏళ్ల నాటి గ్రామం అది. బుద్ధుడు పుట్టడానికి మూడు వేల ఏళ్లకు పైగా ముందే వాళ్లకు ఆవిరి మీద వండడం తెలుసు. బియ్యం పండి, నిప్పూ నీళ్లూ ఉన్న ప్రతిచోటా ఎవరికి వారు కనిపెట్టుకోగలిగిన వంట ఇది. మన కుడుముకు వచ్చిన లోటేమీ లేదు.

తిండిపోతు తిమ్మన్న
మూలాల వేట గారు ఇంతకు ముందు పిజ్జా మన దిబ్బరొట్టె అన్నారు. ఆ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

సున్నం_ఇటుక
సుజౌ పేరు వచ్చింది కాబట్టి ఒక కథ. అది అప్పట్లో వూ రాజ్యపు రాజధాని. వూ జిషూ అనే మంత్రి చనిపోయే ముందు "ఆకలి ముంచుకొస్తే కోట గోడ కింద తవ్వండి" అని చెప్పాడట. తరువాత పొరుగున ఉన్న యుయే రాజ్యపు రాజు గౌజియన్ ముట్టడిలో జనం ఆకలికి మాడుతుంటే గోడ కింద తవ్వారు. ఇటుకలన్నీ జిగురు బియ్యంతో చేసినవి! అదే నియన్ గావ్‌కు మొదలని సుజౌ వాళ్లు చెప్పుకుంటారు. ఇది కథే, చరిత్ర అనడం లేదు.

కానీ నేను సివిల్ ఇంజినీరును కాబట్టి నిజం కూడా ఒకటి చెప్పాలి. మింగ్ రాజుల కాలంలో నాన్‌జింగ్ కోట గోడకు సున్నంలో జిగురు బియ్యపు గంజి కలిపి కట్టారు. శాస్త్రి గారు చెప్పిన ఆ అమైలోపెక్టిన్ సున్నపు స్ఫటికాలను చిన్నచిన్నవిగా, దట్టంగా ఏర్పడేలా చేస్తుంది. ఆరు వందల ఏళ్లు దాటినా ఆ గోడ నిలబడే ఉంది. మన పాత కట్టడాల్లో సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలపడం తెలిసిందే. జానకి గారి కత్తి ఇరుక్కుపోవడంలో ఆశ్చర్యం లేదు.

రోజ్‌హిల్ రమణమ్మ
మా మారిషస్‌లో దీన్ని గాతో లా సిర్ అంటారు, మైనపు కేకు అని. పోర్ట్ లూయీ చైనా పేట దుకాణాల్లో పండుగకు ముందు వరసగా పేర్చి ఉంటాయి. చైనా వాళ్లు, ఎక్కువగా హక్కా కుటుంబాలు, ఇరుగుపొరుగుకు పంచిపెడతారు. మీరు ఏ మతమో, ఏ భాషో అడగరు. చిన్నప్పటి నుంచి ప్రతి ఏడాదీ మా ఇంటికి వచ్చేది. ఇక్కడ వాళ్ల వసంతోత్సవానికీ సెలవే, మన ఉగాదికీ సెలవే. ఉగాదికి మా అమ్మ బదులు పంపేది.

జానకి చెప్పిన ఆ గులాబీ రంగుదాన్ని ఇక్కడ పుతు షినువా అంటారు, అంటే చైనా పుట్టు. మా దగ్గర బియ్యప్పిండి, కొబ్బరితో పుట్టు అమ్మేవాళ్లు ఉన్నారు కదా, దాని పక్కన నిలబెట్టి ఆ పేరు పెట్టేశారు.

జురాంగ్ జానకి
రమణమ్మ గారూ, ఆ పగిలినదాని సంగతి ఇంకాస్త చెప్పరా? పగిలిపోయిన కేకును దేవుడి ముందు పెడతారా?

బాగన్ దాతో బుల్లెమ్మ
పగలకపోతేనే పెట్టరు తల్లీ! అది ఫా గావ్, మా వైపు హువాత్ కుఎ. పైన పువ్వు విచ్చినట్టు మూడు నాలుగు పాయలుగా విచ్చుకుంటే ఆ ఇంటికి సంపద కలిసొస్తుందని లెక్క. బాగా పగిలితే కేకు నవ్విందంటారు. అందుకే ఆవిరి మీద ఉన్నంతసేపూ వంటింట్లో చెడు మాట రాకూడదు, దెబ్బలాట రాకూడదు. నియన్ గావ్‌కూ ఇదే కట్టడి. మేము ఉన్న కొబ్బరి తోటల వైపు ఎదురుబొదురుగా తెలుగు ఇళ్లు, చైనా ఇళ్లు ఉండేవి. ఆ రోజు ఆ ఇంట్లోకి పిల్లలను కూడా పోనిచ్చేవాళ్లు కాదు. పూర్వం కల్లుతో పులియబెట్టేవాళ్లని మా నాయనమ్మ చెప్పేది.

వంటింటి శాస్త్రి
పగలడంలో చెడు మాటల ప్రమేయం లేదు, వేడి ప్రమేయం ఉంది. గిన్నె నిండా పిండి, కింద నీళ్లు తెర్లుతూ ఉండాలి, మంట పెద్దది. పైభాగం ముందే ఉడికి గట్టిపడుతుంది, లోపలి పిండి ఇంకా పొంగుతూ ఉంటుంది, దారి లేక పైభాగాన్ని చీల్చుకుని వస్తుంది. మంట తగ్గితే అంతా నెమ్మదిగా పొంగి గుండు తలలా మిగులుతుంది. ఇప్పుడు చాలామంది బేకింగ్ పౌడర్ వాడుతున్నారు, మలేషియాలో ఈనో కలిపేవాళ్లూ ఉన్నారు. అవి గట్టిగా, ఒక్కసారిగా పొంగిస్తాయి కాబట్టి పగులు ఖాయం.

బాగన్ దాతో బుల్లెమ్మ
ఈనో కడుపుబ్బరానికి. ఈస్టుతో పులిసినదానికి ఉండే కమ్మదనం దానికి రాదు. పగిలితే చాలునా, తినవద్దా?

తిండిపోతు తిమ్మన్న
ఈనో వేసిన కేకు ఎంత తిన్నా అరుగుతుందేమో. ఆ కోణంలో పరిశోధన జరగాలి.

గ్వాంగ్జౌ గోపి
నేను బుల్లెమ్మ గారి పక్షం. పులియబెట్టినదాని రుచి తెలియాలంటే షున్‌డే దగ్గర లున్‌జియావ్ అనే ఊరి తెల్ల చక్కెర కేకు తినాలి. రుబ్బిన బియ్యం, చక్కెర పాకం కలిపి రాత్రంతా పులియబెట్టి ఆవిరి పడతారు. కోస్తే లోపల నిలువునా సన్నటి గొట్టాలు. కొద్దిగా పులుపు, కొద్దిగా తీపి. మొదటిసారి తిన్నప్పుడు ఇంటి మీద బెంగ పుట్టింది. అది పండుగకే అని లేదు, రోజూ దొరుకుతుంది.

షియాన్ చలపతి
అందరూ బియ్యం దగ్గరే ఆగిపోయారు. ఇక్కడ ఉత్తరాన గోధుమ రాజ్యం. షాన్‌షీలో, షాండోంగ్ తీరంలో పండుగకు గోధుమపిండితో పువ్వులు, చేపలు, పులులు చేసి ఆవిరి పడతారు, హువా మో అంటారు. ఎర్ర ఖర్జూరాలు గుచ్చి గుట్టలాగా పేర్చినది పూజకు పెడతారు. కత్తెర, దువ్వెన, చేతివేళ్లు, ఇవే పనిముట్లు. చూడటానికి ఎంత బాగుంటాయో తినడానికి అంత చప్పన. ఇది నా అభిప్రాయం, కొట్టవద్దు.

జురాంగ్ జానకి
సరే, తాబేలు ఒక్కటి మిగిలింది. నిన్న మా అంతస్తులోనే ఒక ఇంటివాళ్లు బిడ్డ పుట్టి నెల నిండిందని ఎర్ర గుడ్లతో పాటు అలాంటివి పంచారు. పండుగ కేకు అనుకున్నానే?

పెనాంగ్ పద్మనాభం
అది అంగ్ కూ కుఎ. తాబేలు దీర్ఘాయువుకు గుర్తు. పైన జిగురు బియ్యపు తోలు, చాలా చోట్ల చిలగడదుంప కూడా కలుపుతారు. లోపల పెసరపప్పు పూర్ణం గానీ పల్లీ పూర్ణం గానీ పెట్టి, చెక్క అచ్చులో నొక్కి, అరిటాకు ముక్క మీద బోర్లించి ఆవిరి పడతారు. బిడ్డకు నెల నిండినప్పుడు, పెద్దల పుట్టినరోజులకు, దేవుళ్ల పుట్టినరోజులకు చేస్తారు. ఎరుపు శుభం కాబట్టి ఎరుపు. పెసర పూర్ణంలో ఉల్లి వేపుడు వేసే రకం ఒకటి ఉంది, అది అడిగి తీసుకోండి.

దేవుడి పుట్టినరోజు అంటే మీరు పెనాంగ్ వచ్చి చూడాలి. కొత్త సంవత్సరం తొమ్మిదో రోజు జేడ్ చక్రవర్తి పుట్టినరోజు. హొక్కియెన్ వాళ్లకు అది మొదటి రోజు కన్నా పెద్ద పండుగ. ఒకప్పుడు శత్రువులు తరుముతుంటే చెరకు తోటలో దాక్కుని బతికి, తొమ్మిదో రోజున బయటికి వచ్చారని కథ. ఎనిమిదో రోజు రాత్రి జార్జ్‌టౌన్‌లో చ్యూ జెట్టీ దగ్గర బల్లలు వరసగా వేసి, నిలువెత్తు చెరకు గడలు కట్టి, అంగ్ కూ, హువాత్ కుఎ, పైనాపిళ్లు గుట్టలుగా పోస్తారు. అర్ధరాత్రి దాటాక చెరకు గడలు, బంగారు కాగితాలు మంటల్లో వేస్తారు. నేను మలేషియా వచ్చిన కొత్తలో నియన్ గావ్, హువాత్ కుఎ, అంగ్ కూ అన్నీ ఒకటే అనుకునేవాణ్ని. అక్కడ నిలబడి చూస్తే తెలిసింది, ఏ సందర్భానికి ఏది, ఏ రంగు, ఎన్ని అనేదంతా వాళ్లకు లెక్క. మనం పెళ్లికి ఒకటి, తద్దినానికి ఒకటి వండుకోమా? అలాగే.

మూలాల వేట
తాబేలు అంటే కూర్మావతారం. మళ్లీ చెబుతున్నాను.

నిర్వాహకుడు
మూలాల చర్చకు వేరే శీర్షిక తెరిచాను. కూర్మావతారం అక్కడికి వెళ్లగలరు. ఇక్కడ కేకుల సంగతి మాత్రమే.

జురాంగ్ జానకి
అత్తగారు కొబ్బరితో తిన్నారు. మళ్లీ అడిగారు. ఇక డబ్బా సంగతి తేల్చండి. అరిసెలు పెట్టి పంపుదామని నా ఆలోచన, బియ్యప్పిండి తీపికి బియ్యప్పిండి తీపి.

రోజ్‌హిల్ రమణమ్మ
బాగుంటుంది. నూనె బాగా పిండి పంపండి. నేనైతే ఉగాది దాకా ఆగుతాను.

పెనాంగ్ పద్మనాభం
అంతవరకు ఆమె డబ్బా మన దగ్గర ఉంచుకోవడం బాగుండదు. పండుగ పదిహేను రోజుల్లోపే ఇవ్వండి. పైన రెండు మాండరిన్ నారింజలు పెట్టండి, జంటగానే ఇస్తారు. అరిసెలు మాత్రం నాలుగు పెట్టకండి, ఆ అంకె వాళ్లకు గిట్టదు. ఎనిమిది శ్రేష్ఠం. చుట్టడానికి తెల్ల కాగితం వద్దు, అది చావుకు.

తిండిపోతు తిమ్మన్న
ఎనిమిది వాళ్లకు పోగా మిగిలినవాటి గురించి నేను ఎప్పటి నుంచో ఆందోళన పడుతున్నాను.

షియాన్ చలపతి
ముసలావిడ అన్నారు కదా, అరిసె గట్టిపడితే ఆమె పళ్లకు కష్టం. సున్నుండలు మేలు.

జురాంగ్ జానకి
ఆమె ఇచ్చినదాని ముందు అరిసె దూదిపింజ చలపతి గారూ. అరిసెలే.

గ్వాంగ్జౌ గోపి
బుల్లెమ్మ గారూ, చర్చ అయిపోయేలోపు ఒక్క మాట. ఇడ్లీ పళ్లెంలో ఫా గావ్ వేయవచ్చా? ఇక్కడ నా గదిలో ఉన్నది అదొక్కటే.

బాగన్ దాతో బుల్లెమ్మ
ఇడ్లీ గుంట లోతు చాలదు, పిండి పక్కలకు పాకుతుంది, పైకి లేవదు. ఆ పాత్ర ఉంచు, పళ్లెం తీసెయ్యి. నిటారుగా ఉండే చిన్న స్టీలు గిన్నెలో కాగితం పరిచి అంచు దాకా పిండి పొయ్యి. నూనెలో ముంచిన కత్తితో పైన అడ్డంగా నిలువుగా ఒక గాటు పెడితే పాయలు చక్కగా వస్తాయి. మూతకు గుడ్డ కట్టు, లేకపోతే ఆవిరి నీళ్లు పైన పడి మచ్చలు వస్తాయి. నీళ్లు ముందే తెర్లాలి. ఇరవై నిమిషాలు మూత ఎత్తవద్దు. ఈనో మాట మళ్లీ నా దగ్గర ఎత్తవద్దు.